మూడు తరాల సాక్ష్యం, ఆపైన దరఖాస్తు: శాసనాల్లో వంశావళిని ఎలా చదవాలి?

ఛత్తీస్‌గఢ్ పీఎస్సీ రాసేవాళ్ళందరికీ ఒక జాబితా నోటికి వచ్చి ఉంటుంది. కలింగరాజు, కమలరాజు, రత్నదేవుడు, పృథ్వీదేవుడు, జాజల్లదేవుడు, మళ్ళీ రత్నదేవుడు, మళ్ళీ పృథ్వీదేవుడు, మళ్ళీ జాజల్లదేవుడు. వీళ్ళు రతన్‌పూర్ కలచురులు. మా తార్‌బహార్ నుంచి రతన్‌పూర్ ఓ పాతిక కిలోమీటర్లు. నవరాత్రుల్లో మహామాయ గుడికి ఇక్కడి తెలుగువాళ్ళు కూడా నడిచి వెళ్తారు. పరీక్షలో ఈ పేర్లు వరసక్రమంలో పెట్టమంటారు, మనం పెడతాం, మార్కు వస్తుంది. ఈ వరస ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు అని మాత్రం నోట్సులో ఎక్కడా ఉండదు.

యూపీఎస్సీ మెయిన్స్‌లో హిస్టరీ ఆప్షనల్ తీసుకున్నవాళ్ళు ఈ మాట దాటేస్తే నష్టపోతారు. జనరల్ స్టడీస్ వాళ్ళకు కూడా ఇది అవసరమేనని నా అభిప్రాయం. దానికి కారణం పరీక్ష ఒక్కటే కాదు, అది కింద చెప్తాను. ముందు శాసనం చూద్దాం.

రతన్‌పూర్ వంశానికి దొరికిన తొలి ముఖ్య ఆధారాల్లో ఒకటి అమోదా తామ్రశాసనం. దాన్ని వేయించింది మొదటి పృథ్వీదేవుడు. తేదీ కలచురి సంవత్సరం 831. కలచురి శకానికి 248 కలిపితే మన లెక్క వస్తుంది, అంటే 1079. అందులో వంశం ఇలా చెప్పుకున్నారు. హైహయ వంశం, అందులో కార్తవీర్యార్జునుడు, ఆ వంశంలో కోకల్లుడు, ఆయనకు పద్దెనిమిదిమంది కొడుకులు. పెద్దవాడు త్రిపురికి రాజయ్యాడు, తమ్ముళ్ళు మండలాధిపతులయ్యారు. ఆ తమ్ముళ్ళలో ఒకడి సంతతిలో కలింగరాజు పుట్టాడు. ఆయన దక్షిణ కోసలకు వచ్చి తుమ్మాణంలో ఉన్నాడు. ఆయన కొడుకు కమలరాజు, ఆయన కొడుకు రత్నరాజు, ఆయన కొడుకే దానమిస్తున్న పృథ్వీదేవుడు.

ఇప్పుడు పెన్సిల్ తీసుకుని లెక్కపెట్టండి. పృథ్వీదేవుడికి పైన పేరు పేరునా, తండ్రీకొడుకుల వరసలో ఉన్నవాళ్ళు ముగ్గురే: తండ్రి, తాత, ముత్తాత. నాలుగో మెట్టు దగ్గర నిచ్చెన విరిగిపోతుంది. కోకల్లుడు 9వ శతాబ్దపు మనిషి. కలింగరాజును మిరాశీ సుమారు 1000 ప్రాంతంలో పెట్టారు. మధ్యలో వందేళ్ళకు పైగా ఖాళీ. ఆ ఖాళీలో ఉన్నది "తమ్ముళ్ళలో ఒకడి సంతతి" అనే మాట ఒక్కటే. ఆ తమ్ముడి పేరు లేదు, అతని కొడుకు పేరు లేదు, మనవడి పేరు లేదు. పద్దెనిమిదిమంది అన్న అంకె మాత్రం గుర్తుంది. అందులో తమ పూర్వీకుడు ఎవరో గుర్తులేదు!

ఇది అబద్ధమని నేననడం లేదు. త్రిపురి కలచురుల శాఖే అయి ఉండొచ్చు. కానీ శాసనంలో ఆ మూడు పేర్లకూ, వాటి పైనున్న వాక్యానికీ ఉన్న తేడా చూడాలి. కింది మూడు పేర్లు రాజుకు ఇంట్లో తెలిసినవి. బహుశా తాతను చూసినవాళ్ళు ఆ సభలో ఇంకా బతికే ఉంటారు. పైన ఉన్నది రాజు తన స్థాయి గురించి లోకానికి పెట్టుకున్న దరఖాస్తు.

మూడే ఎందుకు? దీనికి ధర్మశాస్త్రంలో జవాబు ఉంది. భూదానం చేసే రాజు తన వంశంవాళ్ళ పేర్లు, తన పేరు, దానం వివరం, హద్దులు గుడ్డ మీదో రాగిరేకు మీదో రాయించి, ముద్ర వేసి ఇవ్వాలని యాజ్ఞవల్క్య స్మృతి చెప్తుంది. తరవాత వచ్చే రాజులకు తెలియాలి కాబట్టి అని కారణం కూడా చెప్తుంది. ఆ "వంశంవాళ్ళు" అనే మాటకు కల్యాణి చాళుక్యుల కాలంలో మితాక్షర రాసిన విజ్ఞానేశ్వరుడు ముత్తాత, తాత, తండ్రి అని అర్థం చెప్పాడు. అంటే శాసనంలో వంశం రాయడం మొదట్లో గొప్ప కోసం కాదు, దస్తావేజు చెల్లుబాటు కోసం. ఇవాళ సేల్ డీడ్‌లో "ఫలానా వారి కుమారుడు, ఫలానా వారి మనవడు" అని రాయించుకోవడం లాంటిదే. తర్వాతి రాజు వచ్చి ఈ ఊరు నీకెవరిచ్చారు అని అడిగితే, పొలం గట్టు మీద నిలబడి చూపించే కాగితం అది. అందుకే రాగి. కాగితమైతే చెదపురుగు తినేస్తుంది.

తామ్రశాసనాన్ని ఒక ఫైలులా చూడటం అలవాటు చేసుకోండి. రేకుల్ని కలిపే ఉంగరం, దాని మీద ముద్ర. రతన్‌పూర్ వాళ్ళది గజలక్ష్మి, వేంగీ చాళుక్యులది వరాహం, త్రిభువనాంకుశ అన్న బిరుదు. లోపల మొదట రాజవంశం, తరవాత దానం పుచ్చుకునేవారి గోత్రం, తండ్రి తాతల పేర్లు. ఆపైన ఊరి హద్దులు, దానాన్ని చెరిపేవారికి శాపాలు, ఆజ్ఞప్తి, రాసినవాడు, చెక్కినవాడు. నకిలీ తయారుచేసేవాళ్ళు ఉన్నారు, ఎందుకంటే దాని వెనక భూమి ఉంది. సముద్రగుప్తుడి పేరుతో ఉన్న గయ శాసనాన్ని ఫ్లీట్ నకిలీ అన్నారు. 1681లో ఫ్రాన్స్‌లో మాబియోఁ అనే సన్యాసి మఠాల దానపత్రాలు అసలైనవా కావా అని తేల్చే పద్ధతుల మీద పెద్ద పుస్తకమే రాశాడు. అక్కడా తగాదా భూమి గురించే.

అయితే రతన్‌పూర్ వంశానికి అమోదా శాసనం ఒక్క క్షణంలో తీసిన ఫోటో లాంటిది. ఒకే వంశం వందల ఏళ్ళపాటు తన గురించి తాను ఏం రాసుకుంటూ వచ్చిందో చూడాలంటే గోదావరి వైపు వెళ్ళాలి. తూర్పు చాళుక్యులంత వరసగా తామ్రశాసనాలు వదిలినవాళ్ళు తక్కువ.

కుబ్జ విష్ణువర్ధనుడు 7వ శతాబ్దంలో వేంగిలో మొదలుపెట్టిన ఈ వంశం తొలి శాసనాల్లో పద్ధతి సాదాగా ఉంటుంది. ఫలానావాడి మనవడు, ఫలానావాడి కొడుకు, నేను. అంతే. తరవాత, 9వ శతాబ్దం చివరికి వచ్చేసరికి, ఒక అద్భుతమైన అలవాటు మొదలవుతుంది. మొదటి రాజు నుంచి ఇప్పటి దాకా ఒక్కొక్కరు ఎన్నేళ్ళు పాలించారో రాయడం. కుబ్జ విష్ణువర్ధనుడు 18 ఏళ్ళు, జయసింహుడు 33, ఇంద్రభట్టారకుడు 7 రోజులు, విష్ణువర్ధనుడు 9 ఏళ్ళు, మంగి యువరాజు 25, జయసింహుడు 13, కొక్కిలి 6 నెలలు. ఇలా సాగుతుంది. ఏడు రోజుల రాజును కూడా వదల్లేదు చూడండి, గొప్ప చెప్పుకోవడానికి రాసే జాబితాలో ఏడు రోజులు ఎవరూ రాయరు. ఇది కచేరీలో ఉన్న రికార్డు నుంచి వచ్చిందని నాకు అనిపించడానికి ఆ ఏడు రోజులే కారణం. ఫ్లీట్ ఈ అంకెలు కూడుకుంటూ వెళ్ళి వేంగి కాలక్రమం కట్టారు. మనం చదివే తేదీలకు పునాది అదే.

ఆ రికార్డులో తేడాలూ ఉన్నాయి. జయసింహుడికి కొన్ని శాసనాలు 33 అంటే కొన్ని 30 అంటాయి. రెండో విజయాదిత్యుడికి ఒకచోట 48, ఇంకోచోట 44, మరోచోట 40. నాకైతే ఈ తేడాలు ధైర్యాన్నిస్తాయి. అన్ని శాసనాల్లో అన్ని అంకెలూ అచ్చు గుద్దినట్టు ఉంటేనే అనుమానపడాలి.

ఇక 11వ శతాబ్దం. 1011లో పట్టాభిషిక్తుడైన విమలాదిత్యుడి రణస్తిపూండి శాసనంలో వంశం ఉన్నట్టుండి పైకి లేస్తుంది. బ్రహ్మ, అత్రి, చంద్రుడు, పురూరవుడు, పాండవులు, ఉదయనుడు. ఆపైన అయోధ్యలో 59మంది చక్రవర్తులు. ఆ వంశంలో విజయాదిత్యుడు దక్షిణాపథానికి దండెత్తి వచ్చి త్రిలోచన పల్లవుడి చేతిలో చనిపోతాడు. గర్భవతి అయిన రాణి ముడివేము అగ్రహారం చేరుతుంది, విష్ణుభట్ట సోమయాజి ఆమెను కాపాడతాడు, విష్ణువర్ధనుడు పుడతాడు. అంతకుముందు నాలుగు వందల ఏళ్ళ శాసనాల్లో లేని కథ ఇది. దాదాపు అవే ఏళ్ళలో పడమటి వైపు కల్యాణి చాళుక్యుల కౌఠెం శాసనంలోనూ అయోధ్యలో అవే 59 పీఠాలు కనిపిస్తాయి.

ఎందుకు అప్పుడే? విమలాదిత్యుడి భార్య కుందవ్వ, రాజరాజ చోళుడి కూతురు. చోళులు అప్పటికే సూర్యవంశం చెప్పుకుంటున్నారు. అత్తవారింట్లో సూర్యుడు ఉంటే మనింట్లో చంద్రుడు ఉండాలి కదా. ఇది నా ఊహ అనుకోండి, కానీ పెళ్ళి సంబంధాల దగ్గరే వంశాలు పొడుగవుతాయన్నది మనందరికీ తెలిసిన సంగతే.

ఈ శాసనాల్లో ఇంకో మాట ఉంది. దానార్ణవుడి తరవాత శక్తివర్మ గద్దెనెక్కేవరకు వేంగి 27 ఏళ్ళు అనాయకంగా, అంటే రాజు లేకుండా ఉందని. ఇది చదివి చాలామంది అరాచకం అని రాసేస్తారు. నిజానికి ఆ కాలంలో జటాచోడ భీముడు రాజ్యం చేశాడు. రాజు లేక కాదు, తమ రాజు లేక అనాయకం. వంశావళి ఎవర్ని చేర్చిందో చూడటం ఎంత ముఖ్యమో, ఎవర్ని ఖాళీగా మార్చిందో చూడటం అంతకన్నా ముఖ్యం. కానీ గమనించండి, ఆ 27 అనే అంకె మాత్రం నిజాయితీగా ఉంది. శత్రువు పేరు చెప్పలేదు కానీ కాలాన్ని మింగెయ్యలేదు. శక్తివర్మ 973లో ఎక్కాడని రాసేసుకుంటే అడిగేవాడెవడు?

కాకతీయుల దగ్గరికి వస్తే వ్యవహారం ఇంకా ఆసక్తిగా ఉంటుంది, ఎందుకంటే వాళ్ళ ముందుతరాలు మొదట కనిపించేది వేరేవాళ్ళ శాసనంలో. 956 నాటి దానార్ణవుడి మాగల్లు శాసనంలో కాకర్త్య గుండ్యన అనే సామంతుడు ఉన్నాడు. ఆయన పైన గుండియ రాష్ట్రకూట, ఎరియ రాష్ట్రకూట, బేతియ అని పేర్లు వస్తాయి. తరవాతెప్పుడో గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ బయ్యారంలో చెరువు తవ్వించి వేయించిన శాసనంలో వెన్నుడు, ముగ్గురు గుండలు, ఎర్ర, పిండి గుండ, బేతరాజు అని వరస ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు తొలి కాకతీయుల వరస తేల్చారు. ఎర్ర, గుండ రెండింటిలోనూ కలుస్తారు. బేతియ ఒకదానిలో ఉన్నాడు, ఇంకోదానిలో లేడు. దాదాపు మూడు వందల ఏళ్ళ దూరంలో, ఒకటి పై ప్రభువు రాయించింది, ఒకటి ఆడబిడ్డ రాయించింది. ఒకరి కోసం ఒకరు రాసుకున్నవి కావు. అలాంటి రెండు పత్రాలు కలిసినచోటే వంశావళికి నమ్మకం వస్తుంది. వంద శాసనాలు ఒకే ఆస్థాన కవి రాసినవైతే అవి వంద సాక్ష్యాలు కావు, ఒక్కటే.

మరి కాకతీయులది ఏ వంశం? 1244 నాటి గణపతిదేవుడి మోటుపల్లి అభయ శాసనం ఇక్ష్వాకులు, రఘువు, శ్రీరాముడి మీదుగా దుర్జయుడి దాకా తెచ్చి సూర్యవంశం చెప్తుంది. ఆ శాసనం ఎవరి కోసం? సముద్రం మీద వచ్చే విదేశీ వర్తకుల కోసం. తుపానులో ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు జప్తు చెయ్యం, సుంకం మాత్రమే తీసుకుంటాం అని భరోసా ఇచ్చే పత్రం. దాని మీద సూర్యవంశం ఉంటే వచ్చే బరువు వేరు. అదే గణపతిదేవుడి సేనాని మల్యాల గుండ బూదపూరులో వేయించిన శాసనం కాకతీయులు చతుర్థ కులంవారని చెప్తుంది. సేనానికి తన ప్రభువును తక్కువ చెయ్యాలని ఉంటుందా? ఆ మాట వాళ్ళకు చిన్నతనం అనిపించలేదు, అంతే. చాలా కాకతీయ శాసనాలు అసలు వర్ణం ఊసే ఎత్తవని సింథియా టాల్బట్ లెక్క తీసి చూపించారు. "కాకతీయులది ఏ కులం" అన్న ప్రశ్న వాళ్ళకంటే మనకే ఎక్కువ కావాలి. ఇప్పుడు ప్రతి కుల సంఘం పత్రికలోనూ రుద్రమదేవి తమ ఆడపడుచే. ఒక్కొక్కరు ఒక్కో శాసనం చూపిస్తారు. అందరిదీ సగం నిజమే, తమకు కావలసిన సగం.

ఆ కాకతీయ వంశమే మళ్ళీ మన రాష్ట్రంలో లేస్తుంది, ఈసారి బస్తర్‌లో. పీఎస్సీలో తప్పకుండా వచ్చే దంతేవాడ శాసనం, దిక్పాలదేవుడిది, విక్రమ సంవత్ 1760, అంటే 1703. రాజగురువు భగవాన్ మిశ్ర రాశాడు. ఒక రాయి సంస్కృతం, రెండో రాయి భాష. కలియుగంలో సంస్కృతం చదవగలిగేవాళ్ళు తక్కువ కాబట్టి రెండో రాయి అని ఆయనే చెప్పుకున్నాడు, అంత ముక్కుసూటి మనిషి. అందులో వంశం: చంద్రవంశం, పాండవుల్లో అర్జునుడి సంతానం, హస్తినాపురం విడిచి ఓరుగల్లుకు వచ్చారు, ఆ వంశంలో కాకతి ప్రతాపరుద్రుడు, ఆయన తమ్ముడు అన్నమరాజు ఓరుగల్లు వదిలి బస్తర్‌కు వచ్చాడు, ఆయన నుంచి దిక్పాలదేవుడి దాకా దాదాపు పది పేర్లు.

మోటుపల్లిలో సూర్యుడు, దంతేవాడలో చంద్రుడు. ఒకే వంశానికి! మోటుపల్లి రాయి ఎలా ఉంటుందో భగవాన్ మిశ్రకు తెలిసే అవకాశం లేదు. ఆయనకు కావలసింది 1703లో ఉత్తరాది రాజపుత్ర కుటుంబాలతో సమానంగా నిలబడగలిగే వంశం. దిక్పాలదేవుడి రాణి చందేల రాజకుమారి అని అదే శాసనంలో ఉంది. మళ్ళీ పెళ్ళి సంబంధమే.

ఇంకో పరీక్ష చెయ్యొచ్చు. ఓరుగల్లు పడింది 1323లో. శాసనం 1703. నడుమ 380 ఏళ్ళు, పేర్లు దాదాపు పది. తరానికి నలభై ఏళ్ళ దగ్గర పడుతుంది. వేంగి శాసనాల్లో నెలలు, రోజులు పాలించినవాళ్ళు కూడా ఉన్నారని గుర్తు పెట్టుకోండి. నలభై చొప్పున పది తరాలు వరసగా నడవడం కష్టం. మధ్యలో పేర్లు జారిపోయి ఉండాలి, లేదా మొదటి కొస దగ్గర ముడి వదులుగా ఉండాలి. అన్నమదేవుడు కల్పితమని దీంతో తేలదు. కానీ దిక్పాలుడి తండ్రి, తాత, ముత్తాతల పేర్లకు ఉన్న బరువు, 380 ఏళ్ళ కిందటి తమ్ముడి పేరుకు ఇవ్వకూడదు. మన గైడ్లలో రెండూ ఒకే లైన్లో, ఒకే సైజు అక్షరాల్లో ఉంటాయి. రతన్‌పూర్‌దీ ఇదే తంతు. 13వ శతాబ్దం మొదట్లో ప్రతాపమల్లుడి తామ్రశాసనాల తరవాత 15వ శతాబ్దం చివర్లో బాహరుడి దాకా శాసనాల్లో పెద్ద ఖాళీ. ఆ ఖాళీలో గైడ్లు పెట్టే పేర్లు 19వ శతాబ్దంలో బాబూ రేవారాం లాంటివాళ్ళు రాసిన సంప్రదాయ చరిత్రల నుంచి వచ్చాయి. చదవొద్దనడం లేదు. ఏది రాగి, ఏది నోటిమాట అన్నది మార్జిన్‌లో రాసుకోండి.

ఆడవాళ్ళ పేర్ల గురించి ఒక్క మాట. రాజవంశాల వరసలో మగవాళ్ళే ఉంటారు కాబట్టి మనం వాళ్ళనే బట్టీపడతాం. కానీ 1114 నాటి జాజల్లదేవుడి రతన్‌పూర్ శాసనం, రత్నరాజు కోమో మండలాధిపతి వజ్జూకుడి కూతురు నోనల్లను చేసుకున్నాడని చెప్తుంది. పరాయి చోటు నుంచి వచ్చిన కుటుంబానికి ఇక్కడ వేళ్ళు ఎలా దిగాయో ఆ ఒక్క పేరులో ఉంది. చోడగంగు పేరు చూడండి, చోడ అన్నది తల్లివైపు నుంచి వచ్చింది, ఆమె చోళ రాజకుమారి రాజసుందరి. తాతల పేర్లలో అతికింపు ఉండొచ్చు కానీ పెళ్ళి పేర్లలో అబద్ధం చెప్పడం కష్టం. అవతలి కుటుంబం బతికే ఉంటుంది కదా.

ఇంతకీ పరీక్ష దాటి ఇదంతా ఎందుకు అని పైన అన్నాను. శాసనం మళ్ళీ తెరిచి, అందులో ఎవరి వంశం లేదో చూడండి. రాజుకు బ్రహ్మ దాకా వంశం ఉంది. దానం పుచ్చుకున్న బ్రాహ్మణుడికి తండ్రి, తాత ఉన్నారు. ఆ ఊరి పొలం దున్నేవాళ్ళను తూర్పు చాళుక్య శాసనాలు "రాష్ట్రకూట ప్రముఖులైన కుటుంబులారా" అని సంబోధిస్తాయి. ఆ కుటుంబుల పేర్లు ఉండవు. ఇక నుంచి పన్ను వీరికి కట్టండి అని చెప్పడానికి మాత్రమే పిలుస్తారు. భూమి ఇచ్చినవాడికి వంశం ఉంది, పుచ్చుకున్నవాడికి వంశం ఉంది, దున్నినవాడికి లేదు. మధ్యయుగపు దానపత్రాలతో ఉన్నత కుటుంబాల వంశవృక్షాలు గీయగలుగుతున్నాం అంటే వాళ్ళకే జ్ఞాపకశక్తి ఎక్కువని కాదు. పొలం కాగితం వాళ్ళ దగ్గర ఉంది.

ఈ పద్ధతి పోలేదు. అటవీ హక్కుల చట్టం, 2006 చదవండి. గిరిజనేతర సంప్రదాయ అటవీ వాసులు 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలుగా అక్కడే ఉన్నట్టు చూపాలి, తరం అంటే పాతికేళ్ళు అని సెక్షన్ 2లోనే వివరణ ఉంది. మళ్ళీ మూడు తరాలే! మితాక్షర నుంచి పార్లమెంటు దాకా అంకె మారలేదు. అయితే చట్టం కింద వచ్చిన నియమాలు ఒక మంచి పని చేశాయి. పాత రికార్డుల్లో ఉన్న వ్యక్తుల నుంచి వచ్చే వంశావళిని సాక్ష్యంగా ఒప్పుకుంటూనే, పెద్దలు చెప్పిన మాటను రాసుకుని దాన్నీ సాక్ష్యంగా తీసుకోమన్నాయి, బావులు, శ్మశానాలు, పూజాస్థలాలు కూడా. శాసనం లేనివాడికి అదే శాసనం. జీఎస్ రెండో పేపర్లో అటవీ హక్కుల మీద రాసేటప్పుడు ఈ నియమం ఎంతమంది ప్రస్తావిస్తారు? దావాల తిరస్కరణ గురించి అందరం రాస్తాం. ఏ సాక్ష్యం అడిగారు, ఏది చూడలేదు అన్నది రాయం.

రేపు ఈ కాగితాలు అడిగే కుర్చీలో కూర్చోబోయేది మనమే కాబట్టి ఇంకో ఉదాహరణ, మా ఇంటిదే. ఛత్తీస్‌గఢ్‌లో కుల ధ్రువపత్రానికి ఎస్సీ, ఎస్టీలైతే 1950కి, ఓబీసీలైతే 1984కి ముందు నుంచి ఇక్కడ ఉన్నట్టు ఆధారం కావాలి. మిసల్, అంటే బ్రిటిష్ కాలపు భూమి బందోబస్తు రికార్డు, ఉంటే చిటికెలో పని. దానికి పట్వారీ సంతకం చేసిన వంశావళి జత చెయ్యాలి. తార్‌బహార్‌లో మాలాంటి రైల్వే కుటుంబాలకు మిసల్ ఎక్కడిది? మా తాత బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి గ్యాంగ్‌లో పనికి వచ్చాడు. ఆయన వేసింది పట్టాలు, పొలం గట్లు కాదు. క్వార్టర్ రైల్వేది. పట్వారీ పుస్తకంలో మాకు ఒక్క గజం లేదు కాబట్టి ఆయనకు మా వంశం తెలియదు.

దొరికినవి మూడు కాగితాలు. తాత సర్వీసు పుస్తకంలో అప్పల్‌సామీ. నాన్న స్కూలు రిజిస్టర్‌లో తండ్రి పేరు ఎ. స్వామి. పాత రేషన్ కార్డులో అప్పలస్వామి. నాకైతే అవి 30, 33 అని తేడా చూపించే వేంగి శాసనాల్లా కనిపించాయి. ఒకరిని చూసి ఒకరు రాయని మూడు పత్రాలు, ఒకే మనిషి. కౌంటర్‌లో ఉన్నాయన దృష్టిలో ముగ్గురు మనుషులు. అఫిడవిట్ పెట్టాం, మళ్ళీ తిప్పారు, మళ్ళీ పెట్టాం. ఆయన తప్పనడం లేదు, ఆయనకు ఎవరూ పత్రాలు చదవడం నేర్పలేదు, పత్రాలు సరిపోల్చడం మాత్రం నేర్పారు.

వంశావళి కాగితం నేనే గీశాను. నేను, నాన్న, తాత. ముత్తాత పేరు మా నానమ్మకు తెలుసు. ఆయన ఏ ఊళ్ళో ఎవరి పొలంలో పాలేరుగా ఉన్నాడో కూడా చెప్పింది. పేరు రాశాను. దీనికి రుజువేదీ అన్నారు. నానమ్మను తీసుకొస్తానన్నాను. అక్కర్లేదు, ఆ లైను తీసెయ్యండి అన్నారు. తీసేశాను. రెండు వారాల్లో పత్రం వచ్చింది.